గుండె ఆగడం కారణం కాదు

మావయ్య పోయాక ఆస్పత్రి వాళ్ళు ఇచ్చిన కాగితంలో మరణ కారణం అన్న చోట ‘కార్డియో పల్మనరీ అరెస్ట్’ అని ఉంది. గుండె, ఊపిరి ఆగిపోయాయని దానర్థం. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. గుండె, ఊపిరి ఆగకుండా పోయిన మనిషి ఎవరైనా ఉన్నారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమాలు కూడా ఇదే అంటాయి. గుండె ఆగడం అనేది ప్రాణం పోయిన తీరు. అక్కడిదాకా తీసుకొచ్చిన జబ్బేమిటో రాయాలి గాని, ఆగిపోవడాన్నే అసలు కారణంగా రాసి వదిలేయకూడదు.

వారం తర్వాత ఆయన కాగితాలు సర్దుతుంటే రెండేళ్ళ కిందటి ఎకో (గుండెకు తీసే అల్ట్రాసౌండ్) రిపోర్టు బయటపడింది. శుక్లాల ఆపరేషన్‌కి ముందు ఫిట్‌నెస్ కోసం తీయించినది. ఆపరేషన్ బాగా జరిగింది, చూపు తేటపడింది, ఫైలు బీరువాలోకి వెళ్ళిపోయింది. రిపోర్టు చివరి వరసలో ‘సివియర్ అయోర్టిక్ స్టెనోసిస్, కార్డియాలజిస్టును కలవగలరు’ అని ఉంది. గుండె నుంచి రక్తం బయటికి వెళ్ళే వాల్వు బాగా సన్నబడిపోయిందని దానర్థం. ఇంట్లో అందరం చదువుకున్నవాళ్ళమే. ఆ ఒక్క వరసా ఎవరం చదవలేదు. చదివినా అదెంత పెద్ద మాటో అప్పటికి మాకు తెలిసేది కాదేమో.

ఆ రోజుల్లో ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరూ ‘ఎంత హఠాత్తుగా పోయాడమ్మా’ అనే అన్నారు. ఆ హఠాత్తు అన్న మాటతోనే నా గొడవ. వాల్వు జబ్బు ముదిరినవాళ్ళు చివరికి దేనితో పోతారన్నది ఈ నాలుగేళ్ళుగా చదువుతూ, కనిపించిన డాక్టరునల్లా అడుగుతూ వస్తున్నాను. నాకర్థమైంది ఇది: వాళ్ళలో ఎక్కువమంది చెప్పాపెట్టకుండా పోరు. గుండె ముందే చెబుతుంది. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి చెబుతుంది. మనం దానికి వయసనీ, నీరసమనీ, గ్యాసనీ పేర్లు పెట్టి పక్కకు నెట్టేస్తాం.

మావయ్య వాళ్ళది రెండో అంతస్తు. మెట్లెక్కేటప్పుడు మలుపు దగ్గర ఆగేవాడు. ఆగినట్టు కనిపించకుండా ఆగేవాడు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో అద్దాలు తుడుచుకుని, వెలుతురుకేసి పట్టి చూసి, మళ్ళీ పెట్టుకునేవాడు. ఆ అద్దాల మీద మరకేమీ ఉండేది కాదు. మొదట్లో ఒక్క మలుపులోనే తుడిచేవాడు. చివరి ఏడాది ప్రతి మలుపులోనూ తుడిచాడు. ‘ఆయాసంగా ఉందా మావయ్యా’ అని నేనొకసారి అడిగితే, ‘ఆయాసం కాదమ్మా, డెబ్భై దాటలేదూ’ అన్నాడు. నేను నమ్మేశాను. తలకింద రెండు దిండ్లు వచ్చాయి, తర్వాత మూడు. సాయంత్రం నడక మూల దాకా తగ్గింది, ఆ తర్వాత ఎండ ఎక్కువగా ఉందని అసలు మానేశాడు. ఒక్కోటి విడిగా చూస్తే ఏ పెద్దమనిషైనా చేసే పనే. కలిపి చూసినవాళ్ళు ఎవరూ లేరు.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఆ కళ్ళజోడు సంగతి అర్థమవుతుంది. గుండె ఎడమ గది నుంచి ఒళ్ళంతటికీ రక్తం వెళ్ళే గుమ్మం అయోర్టిక్ వాల్వు. ఆరోగ్యంగా ఉన్న వాల్వు తెరుచుకుంటే దారి 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. వయసు మీద పడేకొద్దీ దాని రెక్కల మీద కాల్షియం పేరుకుని అవి బిరుసెక్కుతాయి. దారి 1 చదరపు సెంటీమీటరుకు, అంతకన్నా కిందికి పడిపోతే సివియర్ అంటారు. మామూలుగా సెకనుకు మీటరు, మీటరున్నర వేగంతో దాటిపోయే రక్తం అక్కడ 4 మీటర్ల వేగంతో చిమ్ముతుంది. చేతికి పట్టీ కట్టి చూస్తే బీపీ 120 అని వస్తుంది. అదే సమయంలో వాల్వుకు ఇవతల, గుండె గదిలో, అది 180 కావచ్చు, 200 కావచ్చు. బీపీ నార్మల్‌గానే ఉందని మనం నిశ్చింతగా ఉంటాం. ఆ గుండె మాత్రం రోజుకు లక్ష సార్లు ఆ బరువు మోస్తూ ఉంటుంది.

మోసి మోసి కండ మందమవుతుంది. మందమైన కండకు రక్తం ఎక్కువ కావాలి, లోపలి పొరల దాకా అది చేరదు. అందుకే రక్తనాళాల్లో ఏ అడ్డూ లేకపోయినా ఛాతీ పట్టేసినట్టు నొప్పి వస్తుంది. బిగుసుకుపోయిన గది సరిగా సాగదు, సరిగా నిండదు. నిండాల్సిన రక్తం వెనక్కి ఊపిరితిత్తుల మీద ఒత్తిడి పెడుతుంది. అదే ఆయాసం. ఇక మెట్లెక్కితే కాళ్ళ కండల్లో రక్తనాళాలు విచ్చుకుంటాయి. వాటికి తగ్గట్టు గుండె ఎక్కువ పంపాలి. వాల్వు దాటి పోనిస్తేగా! బీపీ పడిపోతుంది, కళ్ళు తిరుగుతాయి, మనిషి కూలబడతాడు. ఎవరూ ఊహించని ఇంకో దారి కూడా ఉంది. ఆ సన్నటి సందులోంచి దూసుకుపోయేటప్పుడు రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఒక ప్రోటీను ముక్కలవుతుంది. పేగుల్లోని పెళుసు రక్తనాళాల నుంచి కొద్దికొద్దిగా రక్తం పోతూ ఉంటుంది. ఈ వాల్వు జబ్బుకూ పేగుల్లో రక్తం పోవడానికీ సంబంధం ఉందని 1958లో హేడ్ అనే డాక్టరు గమనించాడు. రక్తహీనతకు ఐరన్ మాత్రలు మింగుతూ గడిపే పెద్దవాళ్ళలో కొందరికి అసలు జబ్బు వాల్వులో ఉంటుంది.

1968లో జాన్ రాస్, యూజీన్ బ్రాన్‌వాల్డ్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక లెక్క చెప్పారు. వైద్య విద్యార్థులు ఇప్పటికీ దాన్ని వల్లెవేస్తారు. అయోర్టిక్ స్టెనోసిస్‌లో ఏళ్ళకేళ్ళు బాధలేమీ ఉండవు, ఆ కాలంలో ప్రాణభయం తక్కువ. బాధ మొదలైందా, దారి నిట్టనిలువుగా కిందికే. ఆపరేషన్ చేయకపోతే ఛాతీ నొప్పి మొదలైనవాళ్ళు సగటున 5 ఏళ్ళు, స్పృహ తప్పడం మొదలైనవాళ్ళు 3 ఏళ్ళు, గుండె బలహీనపడి ఆయాసం వచ్చినవాళ్ళు 2 ఏళ్ళు బతుకుతారని ఆ లెక్క. అందుకే నాకు ఆ కళ్ళజోడు తుడుచుకోవడం ఇప్పటికీ కళ్ళ ముందు మెదులుతుంది. మొదటిసారి తుడిచిన రోజు మా ఇంట్లో ఎవరికీ తెలియకుండా గడియారం మొదలైంది.

ఆ లెక్క పాతది, ఇప్పుడు మందులు మెరుగయ్యాయి కదా అనుకుంటాం. ఈ వాల్వును తెరిచే మందు ఈ రోజుకీ లేదు. కొలెస్ట్రాల్ మాత్రలు ఇచ్చి చూశారు, పనిచేయలేదు. ఛాతీ కోసి ఆపరేషన్ చేసే వీలు లేని 358 మంది మీద జరిగి 2010లో వెలువడిన పార్ట్‌నర్ ట్రయల్‌లో ఒక గుంపుకు తొడ రక్తనాళం గుండా గొట్టంతో కొత్త వాల్వు పెట్టారు. మిగతావాళ్ళకు మందులు, కొందరికి బెలూన్‌తో వెడల్పు చేయడం. ఏడాది తిరిగేసరికి రెండో గుంపులో 50.7 శాతం మంది పోయారు. మంచి ఆస్పత్రుల్లో, మంచి డాక్టర్ల చేతుల్లో, సగం మంది. కొత్త వాల్వు పెట్టినవాళ్ళలో 30.7 శాతం. చాలా క్యాన్సర్ల కన్నా భయంకరమైన లెక్క ఇది. క్యాన్సర్ అని రాసి ఉంటే ఆ ఎకో కాగితాన్ని మేం బీరువాలో పెట్టేవాళ్ళమా?

మరి హఠాత్తుగా పోయేవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. లేరని చెబితే అబద్ధం. గుండె లయ ఉన్నట్టుండి చెదిరి, కొట్టుకోవడం మానేసి వణుకుతూ ఉండిపోతుంది, క్షణాల్లో మనిషి పడిపోతాడు. బాధలు ఏవీ లేవని చెప్పేవాళ్ళలో ఇలాంటి చావు ఏడాదికి నూటికి ఒకరు, అటూ ఇటూగా. బాధలున్నవాళ్ళలో ప్రమాదం అంతకన్నా ఎక్కువ. ఇక్కడే నాకు ఆ ‘బాధలు లేవు’ అన్న మాట మీద అనుమానం. ఎవరికి లేవు? మలుపులో కళ్ళజోడు తుడుచుకునే మనిషిని డాక్టరు ‘ఆయాసం ఉందా’ అని అడిగితే లేదనే చెబుతాడు, నిజాయితీగానే చెబుతాడు. ఆయాసం వచ్చే పనులన్నీ ఆయన అప్పటికే మానేశాడు. అందుకే తెలిసిన డాక్టర్లు మాట నమ్మి ఊరుకోకుండా ట్రెడ్‌మిల్ మీద జాగ్రత్తగా నడిపించి చూస్తారు. బాధలున్నాయని తెలిసినవాళ్ళకు మాత్రం ఆ పరీక్ష పెట్టరు, ప్రమాదం.

దక్షిణ కొరియాలో బాధలేవీ లేని, కానీ వాల్వు మరీ సన్నబడిన 145 మందిని తీసుకుని సగం మందికి వెంటనే ఆపరేషన్ చేశారు, సగం మందిని కనిపెట్టి చూస్తూ ఆగారు. 2020లో ఫలితం వచ్చింది. ఆపరేషన్ వల్లో గుండె జబ్బు వల్లో పోయినవాళ్ళు మొదటి గుంపులో ఒక్కరు, ఆగిన గుంపులో 11 మంది. ఆగి చూద్దాం అన్న సలహా తప్పని నేను అనను, కొందరికి అదే సరి. కానీ ఆగడం అంటే ఆర్నెల్లకో ఏడాదికో ఎకో తీస్తూ, అడగాల్సినవి అడుగుతూ కనిపెట్టుకుని ఉండటం. ఫైలు బీరువాలో పెట్టడం దాని కిందికి రాదు.

ఇదంతా ఒక్క వాల్వు సంగతి. గుండె ఎడమ వైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వు లీకైతే కథ వేరు, ఇంకా మాయదారి కథ. గుండె కొట్టిన రక్తంలో కొంత ముందుకు, కొంత వెనక్కి పోతుంది. వెనక్కి తోయడం సులువు, అక్కడ ఒత్తిడి తక్కువ. అందుకే ఎకోలో ఈఎఫ్ అంకె, అంటే గదిలోని రక్తంలో ఒక్కో దెబ్బకు నూటికి ఎంత బయటికి పోతుందో చెప్పేది, బాగా కనిపిస్తుంది. 60 అని చూసి అందరం హమ్మయ్య అనుకుంటాం. ఈ జబ్బులో 60 అంటే కండ అలసిపోవడం మొదలైందని లెక్క, ఆపరేషన్ గురించి మాట్లాడాల్సిన అంకె అది. ఆ మాట రిపోర్టులో రాయరు. లీకు పాతబడి గది ఉబ్బి, గుండె నీరసించి పోయేవాళ్ళే ఇందులో ఎక్కువ. ఎప్పుడో ఒకసారి వాల్వును పట్టి ఉంచే తాడు పుటుక్కున తెగి గంటల్లో ఊపిరితిత్తుల్లో నీరు నిండుతుంది. అప్పుడు నిజంగానే వ్యవధి ఉండదు.

నాకు అన్నిటికన్నా కష్టం కలిగించేది సన్నబడ్డ మైట్రల్ వాల్వు. ఇది ముసలివాళ్ళ జబ్బు కాదు. చిన్నప్పుడు వచ్చిన గొంతు నొప్పి, స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల. దాని వెనకే రుమాటిక్ ఫీవర్, కీళ్ళ వాపులు. కీళ్ళు తగ్గిపోతాయి, వాల్వు మీద మచ్చ ఉండిపోతుంది. ఇరవైల్లోనో ముప్ఫైల్లోనో అది గుండెను పట్టుకుంటుంది. 14 పేద, మధ్యాదాయ దేశాల్లో 3343 మంది రుమాటిక్ గుండె జబ్బు రోగులను గమనించిన రెమెడీ అనే రిజిస్ట్రీ ఉంది. వాళ్ళలో మూడింట రెండు వంతులు ఆడవాళ్ళు. రెండేళ్ళలో 16.9 శాతం మంది చనిపోయారు. చనిపోయినవాళ్ళ మధ్యస్థ వయసు 28.7 ఏళ్ళు. ఈ అంకె మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేశాను.

వాళ్ళు దేనితో పోతారు? చికిత్స లేని రోజుల లెక్కల్లో నూటికి 60 నుంచి 70 మంది ఊపిరితిత్తుల్లో, ఒంట్లో నీరు చేరి గుండె చేతులెత్తేసి పోయేవారు. 20 నుంచి 30 మంది రక్తం గడ్డల వల్ల. ముందుకు కదలని రక్తం పై గదిలో నిలవ ఉంటుంది, ఆ గది సాగిపోయి లయ తప్పుతుంది, మూలల్లో రక్తం పేరుకుంటుంది. అందులో ముక్క ఊడి మెదడుకు పోతే పక్షవాతం. ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 1978లో లెక్కగట్టింది: రుమాటిక్ వాల్వు జబ్బుతో పాటు ఆ లయ తప్పడం కూడా ఉంటే పక్షవాతం ప్రమాదం 17 రెట్లు. పాతికేళ్ళ అమ్మాయికి మూతి వంకరపోతే ఇంట్లోవాళ్ళు మెదడు డాక్టరు దగ్గరికి పరిగెడతారు. ఆమె ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి వినేవాళ్ళు దొరికితే అదృష్టం.

గర్భం వస్తే ఈ జబ్బు ముసుగు తీస్తుంది. ఒంట్లో రక్తం 40, 50 శాతం పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే సన్నటి వాల్వు దాటడానికి రక్తానికి సమయం చాలదు. ఏడో నెలలో పడుకుంటే ఊపిరాడటం లేదని ఒకమ్మాయి చెబితే ‘నిండు మనిషివి, అలాగే ఉంటుంది’ అని చెప్పే పెద్దవాళ్ళు ప్రేమతోనే చెబుతారు. మామూలు గర్భిణికి అది నిజం కూడా. పడుకోలేక కూర్చుని నిద్రపోతున్న గర్భిణికి మాత్రం ఆ మాట చెప్పకండి. ఎకో తీయించండి. బెలూన్‌తో ఈ వాల్వును గర్భంలో ఉండగానే తెరవచ్చు. ప్రసవమైన గంటల్లోనే ఊపిరితిత్తులు నిండిపోయి పోయే తల్లుల మరణాన్ని ‘కాన్పు కష్టమైంది’ అని రాస్తే ఆ వాల్వు పేరు ఎక్కడా మిగలదు.

మూడు నాలుగు వారాలకోసారి వేసే పెన్సిలిన్ ఇంజక్షన్‌తో ఈ జబ్బు ముదరకుండా ఆపవచ్చు. ఉగాండాలో పైకి తెలియని దశలో ఉన్న పిల్లలకు ఇచ్చి చూస్తే, రెండేళ్ళలో జబ్బు ముదిరినవాళ్ళు ఇంజక్షన్ వేసినవాళ్ళలో 0.8 శాతం, వేయనివాళ్ళలో 8.2 శాతం. చవకైన పాత మందు. ఇది ఉండగా 28 ఏళ్ళకు మనుషులు పోతుంటే దాన్ని విధి అనడానికి నాకు నోరు రాదు.

జ్వరం గురించి ఒక్క మాట చెప్పాలి. పాడైన వాల్వు మీద, మార్చిన వాల్వు మీద సూక్ష్మజీవులు గూడు కట్టుకుంటాయి. పంటి చిగుళ్ళ నుంచి రావచ్చు, చర్మం మీది పుండు నుంచి రావచ్చు. ఆస్పత్రిలో చేరినవాళ్ళలోనే అయిదుగురిలో ఒకరి దాకా పోతారు. వాల్వు చిరిగి గుండె తట్టుకోలేక కొందరు, ముక్క మెదడుకు పోయి కొందరు. ఇందులో మనం చేసే పెద్ద తప్పు, కారణం తెలియని జ్వరానికి బ్లడ్ కల్చర్ (రక్తంలో ఏ సూక్ష్మజీవి ఉందో పెంచి చూసే పరీక్ష) తీయకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టడం. అయిదు రోజులు తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది, ఇంకో రకం మాత్ర. నెల గడిచేసరికి ఏ సూక్ష్మజీవో పట్టుకోవడం కష్టమవుతుంది, వాల్వు తినేయబడి ఉంటుంది. వాల్వు జబ్బు ఉన్నవాళ్ళింట్లో జ్వరం నాలుగు రోజులు దాటితే ముందు కల్చర్‌కి రక్తం ఇవ్వాలి, తర్వాతే మాత్ర.

మా పిన్నికి లోహపు వాల్వు ఉంది. రాత్రి నిశ్శబ్దంలో పక్కన పడుకుంటే టిక్ టిక్‌మని వినిపిస్తుంది, గోడ గడియారం కన్నా మెత్తగా. వాల్వు మార్చాక జబ్బు పోయిందని అందరం అనుకున్నాం. ఒక జబ్బు పోయి ఇంకోటి వచ్చిందని ఆవిడకే ముందు తెలిసింది. రక్తం పలుచబడే మాత్ర ఎక్కువైతే మెదడులో రక్తస్రావం, తక్కువైతే వాల్వు మీద గడ్డకట్టి అది బిగుసుకుపోతుంది. ఆవిడ దగ్గర చిన్న నోటు పుస్తకం ఉంది, తేదీ, ఐఎన్ఆర్ అంకె (రక్తం ఎంత పలుచబడిందో చెప్పేది), మాత్ర మోతాదు. పన్ను తీయించుకోవడానికి ఎవరో మాత్ర ఆపమంటే, నా కార్డియాలజిస్టుతో మాట్లాడి చెప్పండి అని కుర్చీలోంచి లేచి వచ్చేసింది. పరీక్షలు అక్కర్లేని కొత్త మాత్రలున్నాయి కదా అని చాలామంది అడుగుతారు. లోహపు వాల్వుల మీద వాటిని ప్రయత్నించిన పరిశోధనలను మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. రుమాటిక్ జబ్బులో కూడా అంతే, 2022లో వచ్చిన ఇన్విక్టస్ ట్రయల్‌లో కొత్త మాత్ర వేసుకున్నవాళ్ళ కన్నా పాత మాత్ర వేసుకున్నవాళ్ళే తక్కువ మంది పోయారు.

నా వాదనకు ఎదురు నిలిచే నిజం ఒకటుంది, దాన్ని దాటేసి పోలేను. వాల్వు పాడైన ప్రతి మనిషీ వాల్వుతోనే పోడు. ఎనభై దాటినవాళ్ళలో కిడ్నీలు, ఊపిరితిత్తులు, క్యాన్సర్, మతిమరుపు, ఒక్క జారిపడటం, ఏవైనా ముందు రావచ్చు. ఇందాక చెప్పిన పార్ట్‌నర్ ట్రయల్‌నే అయిదేళ్ళు కొనసాగిస్తే, మందుల గుంపులో 93.6 శాతం, కొత్త వాల్వు పెట్టిన గుంపులో కూడా 71.8 శాతం పోయారు. అంత జబ్బు పడ్డవాళ్ళు వాళ్ళు. కాబట్టి ప్రతి పెద్దమనిషినీ ఆపరేషన్ బల్ల ఎక్కించాలని నేను చెప్పడం లేదు. వాల్వు బాగుచేయకపోతే ఈయన దేనితో పోవచ్చు, బాగుచేస్తే దేనితో పోవచ్చు, మధ్యలో ఉన్న రోజులు ఎలా ఉంటాయి అని డాక్టరును సూటిగా అడగాలి. ఆ మనిషినీ అడగాలి. నాకు చాలు అని ఆయన అంటే అదీ నిర్ణయమే. మా మావయ్యకు ఆ మాట అనే అవకాశం కూడా ఇవ్వలేదు మేం.

కాగితం మీద అసలు జబ్బు పేరు ఉండాలని నేను పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. నూటికి ఒకరిద్దరికి పుట్టుకతోనే అయోర్టిక్ వాల్వుకు మూడు రెక్కలకు బదులు రెండే ఉంటాయి, అది త్వరగా పాడవుతుంది, కుటుంబాల్లో నడుస్తుంది. మావయ్య రిపోర్టులో రెక్కల సంఖ్య స్పష్టంగా లేదు. మా అమ్మతో సహా ఆయన తోబుట్టువులు ముగ్గురికీ, ఆయన పిల్లలిద్దరికీ ఎకో తీయించాం. ‘గుండె ఆగింది’ అన్న కాగితాన్నే నమ్ముకుని ఉంటే ఆ పని ఎవరం చేసేవాళ్ళం కాదు.

ఇవన్నీ చదివాక ఒక రోజు అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. ఆయన పోయిన రోజు పొద్దున్న అటక మీది పెట్టె దించమని అడిగింది ఆవిడే. దించాడు, కింద పెట్టాడు, మంచం మీద కూర్చున్నాడు, పక్కకు ఒరిగిపోయాడు. ఆ పెట్టె ఇప్పటికీ దించిన చోటే ఉంది, దాని మీద దుప్పటి కప్పి ఉంది.

‘నేను అడగకపోతే బతికుండేవాడు కదమ్మా’ అంది.

ఆ రోజుకు బతికుండేవాడేమో. ఆ మాట దాచలేకపోయాను. ఎకో రిపోర్టు చూపించి, వాల్వు ఎలా ఉంటుందో కాగితం మీద గీసి, దారి ఎంతుండాలో ఎంత మిగిలిందో చెప్పాను. పెట్టె కాకపోతే మెట్లు, మెట్లు కాకపోతే స్నానం, అత్తయ్యా, జబ్బు నీ పెట్టెలో లేదు అన్నాను. నేను గీసిన బొమ్మ వంక ఆవిడ చాలాసేపు చూసింది.

‘మెట్ల దగ్గర కళ్ళజోడు తుడుచుకునేవాడు చూడు,’ అంది చివరికి, ‘అది నేనూ చూశాను. ప్రతిసారీ చూశాను. అదేనా?’

అదే అత్తయ్యా, అన్నాను.